పనికో పద్దు

మన గోదావరి డెల్టాలో ఏ రైతునైనా ఆపి పంట ఎలా ఉందని అడగండి. "గట్టు పక్క చేను బాగానే పండిందండి. పల్లపు చేనే సార్వాలో మునిగింది, దాళ్వాలో కాస్త తేరుకుంది" అంటాడు. ఎకరానికి ఎన్ని బస్తాలయిందీ, ఏ చేలో మందు ఒకసారి ఎక్కువ కొట్టించిందీ, కోత మిషనుకి ఎంత ఇచ్చిందీ కాగితం చూడకుండా చెప్తాడు. చేలన్నీ ఆయనవే. డబ్బు చేరేదీ ఒక్క బీరువాలోకే. అయినా ఏ చేను లెక్క ఆ చేనుదే.

అదే ఊళ్ళో ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుని అడగండి. చేతిలో ఏడెనిమిది పనులుంటాయి. దేంట్లో మిగిలింది, దేంట్లో పోయింది అంటే కాసేపు ఆలోచించి, "పర్లేదండి, రొటేషన్ అవుతోంది" అంటాడు.

ఈ అధ్యాయం రాయడానికి కారణం ఆ ఒక్క మాట. మోరంపూడి అపార్ట్‌మెంటు వాళ్ళిచ్చిన అడ్వాన్సుతో మండపేట రైస్‌మిల్లుకి కేబుల్ కొంటాం. మిల్లు బిల్లు చేతికొచ్చేసరికి రావులపాలెం ఇంటి పని కుర్రాళ్ళకి శనివారం బట్వాడా చేయాలి. ఆ ఇంటాయన స్లాబు డబ్బు ఇస్తే సరుకు కొట్టు పాత బాకీలో సగం తీరుతుంది. కొత్త పనులు వస్తున్నంత కాలం చక్రం తిరుగుతూనే ఉంటుంది కాబట్టి వ్యాపారం బాగుందనే అనుకుంటాం. పనులు మందగించాక ఒకరోజు కొట్టు యజమాని ఫోను చేసి మొత్తం బాకీ చెప్తాడు. ఆ డబ్బు ఏ పనిలో పోయిందో మన దగ్గర జవాబుండదు. నేనూ చాలా ఏళ్ళు అలాగే తిప్పాను. నష్టం తెచ్చిన పని ఏదో తెలియక, అలాంటి పనులే మళ్ళీ మళ్ళీ ఒప్పుకున్నాను. రాత్రి పదింటిదాకా కష్టపడుతున్నా చేతిలో ఎందుకు నిలవడం లేదని నన్ను నేనే నిందించుకున్నాను. లోపం కష్టంలో లేదు, పుస్తకంలో ఉంది.

తల్లీబిడ్డా ఒకటే అయినా నోరూ కడుపూ వేరంటారు. మీ సంస్థ తల్లి అయితే ఒక్కో పనీ ఒక్కో బిడ్డ. ఎవరు ఎంత తిన్నారో విడివిడిగా చూడాలి. అలా చూసే పద్ధతిని లెక్కల వాళ్ళు జాబ్ కాస్ట్ కోడ్ అంటారు. మనకి అంతకన్నా పాత మాట ఒకటుంది: పద్దు. ఖర్చయిన ప్రతి రూపాయి పక్కనా, పట్టిన ప్రతి కూలీ రోజు పక్కనా అది ఏ పనిలో, ఏ దశలో, దేనికి పోయిందో చెప్పే చిన్న గుర్తు వేయడమే పద్దు కట్టడం.

ఇది మనకి తెలియని విద్యేమీ కాదు. 1847లో మొదలై 1852కి పూర్తయిన కాటన్ దొర ఆనకట్ట ఒకటే అంటాం గానీ, మధ్యలో లంకలు ఉండబట్టి అది నాలుగు భాగాలు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. కాలవల్ని కూడా తూర్పు డెల్టా, మధ్య డెల్టా, పడమటి డెల్టా అని విడదీశారు. పెద్ద కాలవ, దాని కింద పిల్ల కాలవ, దాని కింద బోదె. ఏ తూము దగ్గర నీరు తగ్గిందో తెలిసేది ఈ విభజన వల్లే. గవర్నమెంటు పని చేసిన ప్రతి కాంట్రాక్టరుకీ ఎం-బుక్ తెలుసు. జరిగిన పనిని ఇంజనీరు కొలిచి అందులో ఎక్కిస్తాడు, పై అధికారి తనిఖీ చేస్తాడు, ఆ తర్వాతే బిల్లు. బడ్జెట్టులో కూడా ప్రతి ఖర్చుకీ ఒక పద్దు సంఖ్య ఉంటుంది: ప్రజా పనులు 2059 కింద, విద్యుత్తు 2801 కింద. అంత పెద్ద ఖజానా నడిచేది పద్దు మీద అయినప్పుడు మన చిన్న వ్యాపారం జ్ఞాపకం మీద ఎందుకు నడవాలి?

అయితే పెద్దవాళ్ళ పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకోకండి. అమెరికాలో కట్టడాల పనికి మాస్టర్‌ఫార్మాట్ అనే వర్గీకరణ ఉంది. చాలాకాలం అందులో 16 విభాగాలే. పదహారోది కరెంటు పని. 2004లో దాన్ని 50 విభాగాలకి పెంచి కరెంటుని 26కి మార్చారు, టెలిఫోన్, నెట్‌వర్కు లాంటివాటికి 27, ఫైర్ అలారం, సెక్యూరిటీలకి 28 ఇచ్చారు. వందల కోట్ల భవనాలకి అది సరిపోతుంది. రాజమండ్రిలో పన్నెండుమంది కుర్రాళ్ళతో నడిచే సంస్థ అలాంటి జాబితా పెట్టుకుంటే మూడో రోజుకే పుస్తకం అటకెక్కుతుంది. పద్దు రాసేది ఆడిటరు కాదు. సైటులో చెమటలు తుడుచుకుంటూ నిలబడ్డ మేస్త్రి. ఆయన చూడకుండా రాయగలిగినన్ని పద్దులే మీకు కావాలి.

నేను స్థిరపడిన పద్ధతి మూడు ముక్కలది. మొదటిది పని నంబరు. కొటేషన్ ఖాయమైన రోజునే వరసగా ఒక నంబరు ఇవ్వండి, ఒకసారి ఇచ్చినది ఎప్పటికీ మార్చకండి. ఇంటాయన పేరుతో రాస్తే ఒకే పేరున్న వాళ్ళు ముగ్గురు తగులుతారు. రెండోది దశ. ఇంటి పనికి ఒకటి స్లాబు పైపులు, ఫ్యాను బాక్సులు. రెండు గోడ పని, అంటే గాడి కోసి పైపులు వేసి బాక్సులు బిగించేది. మూడు వైరు లాగడం. నాలుగు స్విచ్చులు, లైట్లు, ఫ్యాన్లు. ఐదు డీబీ, మెయిన్ కేబుల్, ఎర్తింగ్. ఆరు మీటరు, ఈపీడీసీఎల్ ఆఫీసు చుట్టూ తిరిగే పని. ఏడు కొటేషన్‌లో లేని అదనపు పని. ఎనిమిది చేసిందే మళ్ళీ చేసిన పని. తొమ్మిది ఏ దశకీ చెందని సైటు ఖర్చు. మూడో ముక్క ఒక్క అక్షరం: కూలీ అయితే కూ, సరుకు అయితే స, రవాణా అయితే ర, బయటివాళ్ళకి అప్పగించిన పని అయితే బ. పద్నాలుగో నంబరు ఇంట్లో వైరు లాగిన కూలీ 14-3-కూ. అదే ఇంటికి కొన్న స్విచ్చులు 14-4-స. అంతే. ఇంతకన్నా పొడుగైతే రాయరు.

రైస్‌మిల్లుకీ చెరువు పనికీ దశలు వేరుగా ఉంటాయి గానీ ఏడు, ఎనిమిది, తొమ్మిది మాత్రం అన్ని పనుల్లోనూ అవే ఉంచండి. ముఖ్యంగా ఆ ఎనిమిది. దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

పద్దులు మొదలుపెట్టిన కొత్తలో కోనసీమలో రెండంతస్తుల ఇల్లు ఒకటి చేశాం. వైరు లాగడానికి పద్నాలుగు కూలీ రోజులు పడతాయని నా అంచనా. మస్టరు కూడితే ఇరవై మూడు. పాత రోజుల్లో అయితే ఇది నాకు తెలిసేదే కాదు. తెలిసినా "కుర్రాళ్ళు సెల్‌ఫోన్లు చూస్తూ కూర్చున్నారు" అనుకుని కేకలేసేవాడిని. ఈసారి పుస్తకంలో తొమ్మిది రోజుల పక్కన 3 బదులు 8 వేసి ఉంది. మేస్త్రిని కూర్చోబెట్టి అడిగాను.

"ఏంటి మేస్త్రీ, తొమ్మిది రోజులు ఎనిమిదిలో ఎందుకు పడ్డాయి?"

"హాల్లో రెండు పైపులూ, పడగ్గదిలో ఒకటీ మూసుకుపోయాయండి. స్ప్రింగు సగం దాకా వెళ్ళి ఆగిపోయిందండి. సీలింగు కొట్టి కొత్త పైపు వేయాల్సొచ్చింది."

"మూసుకుపోవడం ఎందుకు?"

"స్లాబు పోసిన రోజు మనోళ్ళెవరూ లేరండి. కాంక్రీటోళ్ళు పైపుల మీద నడిచేశారు. జాయింటు ఊడిపోయి సిమెంటు పాలు దిగిపోయాయండి. ఆయ్, ఆ రోజు మీరే కదండీ ఇద్దర్నీ మిల్లు పనికి పంపేశారు."

నిజమే. స్లాబు రోజు ఒక్క హెల్పరుని ఉంచితే పోయేది ఒక కూలీ. మిల్లు పనికి తొందరని ఇద్దర్నీ లాగేశాను. ఐదు నెలల తర్వాత తొమ్మిది కూలీలు కట్టాను. సీలింగు పూతకి తాపీమేస్త్రికి ఇచ్చింది వేరే. తప్పు ఒకటో దశలో జరిగింది, దెబ్బ మూడో దశలో తగిలింది, కారణం ఇంకో పనిలో ఉంది. ఈ మూడింటినీ కలిపి చూపించగలిగింది ఆ ఎనిమిది అనే ఒక్క అంకె. ఆ రోజు నుంచి మా సంస్థలో కాంక్రీటు పోస్తున్నంతసేపూ మా మనిషి ఒకడు సొల్యూషన్ డబ్బా, పైపు ముక్కలూ పట్టుకుని స్లాబు మీద ఉండాల్సిందే. కొటేషన్‌లో కూడా ఆ ఒక్క రోజు రాస్తాం.

అందుకే ఎనిమిదో పద్దు ఎవరినీ శిక్షించడానికి వాడకండి. ఒక్కసారి దాన్ని చూపించి కూలీ కోసినా మరుసటి వారం నుంచి అన్నీ మూడులోనే పడతాయి. అప్పుడు మీ పుస్తకం అందంగా ఉంటుంది, అబద్ధం చెప్తుంది. నిజం రాసిన మేస్త్రికి అందరి ముందూ మంచి మాట చెప్పండి. ఆయన రాసిన నిజం మీకు తర్వాతి పది ఇళ్ళ మీద మిగులుతుంది.

సరుకు విషయంలో మన దగ్గర డబ్బు కారిపోయే చోటు వేరు. దాన్ని నేను సైటు చేబదులు అంటాను. అమలాపురంలో వైరు కాయిలు తొంభై మీటర్లలో నలభై మిగిలింది. కుర్రాడు బండి మీద వేసుకుని కొత్తపేట పనికి తీసుకెళ్ళాడు. మంచి పనే, వృథా కాలేదు. కానీ ఖరీదు మొత్తం అమలాపురం పద్దులోనే ఉండిపోయింది. ఇలా పదిసార్లు జరిగితే ఒక పని ఉత్తినే నష్టంలో కనిపిస్తుంది, ఇంకోటి ఉత్తినే లాభంలో కనిపిస్తుంది. మీరు రెండోదాన్ని నమ్ముకుని తర్వాతి కొటేషన్ తగ్గించి వేస్తారు. సరుకు సైటు దాటేటప్పుడు ఇటు తగ్గింపు, అటు చేర్పు, రెండు గీతలు రాయించండి. సరుకుని రూపాయల్లోనే కాక కాయిళ్ళు, మీటర్లు, పైపు లెంగ్తుల్లో కూడా రాయండి. రాగి ధరతోపాటు వైరు రేటు కదులుతుంది. కొటేషన్ వేసిన నెలకీ వైరు కొన్న నెలకీ మధ్య రేటు పెరిగిందా, లేక మనవాళ్ళే ఎక్కువ వాడారా అన్నది రూపాయల్లో చూస్తే తేలదు. రేటు పెరిగితే మాట్లాడాల్సింది ఇంటాయనతో, వాడకం పెరిగితే మాట్లాడాల్సింది మేస్త్రితో.

ప్రయాణం మన ప్రాంతంలో చిన్న ఖర్చు కాదు. ఏ ఊరు వెళ్ళాలన్నా మధ్యలో ఏదో ఒక పాయ అడ్డొస్తుంది. నర్సాపురం నుంచి సఖినేటిపల్లి వెళ్ళాలంటే పంటు కోసం రేవులో నిలబడాలి. పంటు టిక్కెట్టూ ఆటో కిరాయీ రవాణాలో రాస్తాం, సరే. రేవులో నలుగురు మనుషులు గడిపిన గంటన్నర ఎక్కడ రాస్తాం? అది రవాణా కాదు, కూలీ. తొమ్మిదో దశ కింద కూలీగా రాయండి. కొన్నాళ్ళు అలా రాస్తే దూరం పనికి ఎంత కలిపి చెప్పాలో తెలుస్తుంది, అక్కడే గది తీసుకుని వారం ఉండటం చవకేమో కూడా తెలుస్తుంది.

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల పని చేసేవాళ్ళకి ఇంకో మాట. ఏరేటర్లు, ప్యానళ్ళు బిగించిన పని ఒకటి. అవి ఆగిపోయాయని రాత్రి రెండింటికి వచ్చే ఫోను ఇంకోటి. తెల్లవారుజామున నీళ్ళలో ప్రాణవాయువు బాగా తగ్గే సమయం కాబట్టి రైతు ప్రాణం కొట్టుకుంటుంది, మనం వెళ్ళి తీరాలి. వెళ్ళండి. కానీ ఆ రాత్రిని బిగింపు పని నంబరులో కలపకండి. ప్రతి రైతుకీ ఒక సర్వీసు నంబరు విడిగా పెట్టండి. బిగింపులో మనం చేసిన తప్పు వల్ల ఆగితే మాత్రం పాత నంబరు కిందే ఎనిమిది వేయాలి. ఇక్కడ నిజాయితీగా ఉండాల్సింది మీతో మీరే.

అదనపు పని గురించి క్లుప్తంగా: గృహప్రవేశం దగ్గర పడ్డాక ఇంటావిడ పూజగదిలో రెండు పాయింట్లు, మేడ మీద ఒకటి అడుగుతారు. మొహమాటానికి చేసేస్తాం. చేయండి, డబ్బు అడగాలో వద్దో తర్వాత చూద్దాం, కానీ ఏడో పద్దులో ఆ రోజే రాయండి. చివరి బిల్లు దగ్గర తారీఖుతో సహా చూపిస్తే చాలామంది ఇస్తారు. చూపించేది లేకపోతే మనమే అడగలేం.

ఇక ఎవరూ రాయనిది ఒకటుంది. మీ కూలీ. పొద్దున ఆరింటికి సైటు తాళం తీసి, మధ్యాహ్నం సరుకు మోసి, సాయంత్రం డిపార్ట్‌మెంటు ఆఫీసులో వేచి ఉన్న మనిషికి పుస్తకంలో ఒక్క రూపాయి ఉండదు. చివర్లో మిగిలిందాన్ని లాభం అంటాం. అది లాభం కాదు, సగానికి పైగా మీ జీతం. మీలాంటి సూపర్‌వైజరుని పెట్టుకుంటే నెలకి ఎంతివ్వాలో అంత మీ పేరున వేసి, ఏ పని మీద ఎన్ని రోజులు తిరిగారో ఆ పనికి పంచండి. అది తీశాక మిగిలితే లాభం. మొదటిసారి ఈ లెక్క వేసుకున్నప్పుడు నాకు రెండు రోజులు మనసు బాగాలేదు. కానీ ఆ తర్వాతే రేటు గట్టిగా చెప్పడం వచ్చింది. కొట్టు అద్దె, ఫోను, లైసెన్సు రెన్యువల్, లెక్కలు రాసే అబ్బాయి జీతం లాంటివి సున్నా నంబరు కింద విడిగా పెట్టండి. వాటిని ఏదో ఒక పని నెత్తిన రుద్దకండి.

పన్నుల దగ్గర కంగారు వద్దు. మన బిల్లు మీద జీఎస్టీ సాధారణంగా 18 శాతం. కొన్న సరుకు మీద కట్టిన జీఎస్టీకి క్రెడిట్ తీసుకునేవాళ్ళయితే పద్దులో పన్ను తీసేసిన ధరే రాయాలి. క్రెడిట్ రాని స్కీములో ఉన్నవాళ్ళు పన్నుతో కలిపి రాయాలి. బిల్లులో కోసుకున్న టీడీఎస్ ఖర్చు కాదు, మీ తరఫున ముందే కట్టిన పన్ను. గవర్నమెంటు పని రెండున్నర లక్షలు దాటితే జీఎస్టీ కింద కూడా 2 శాతం కోస్తారు, అది మీ లెడ్జర్‌లోకి తిరిగి వస్తుంది. వీటిని ఖర్చులో రాస్తే మంచి పని కూడా చెడ్డగా కనిపిస్తుంది.

టాలీ వాడేవాళ్ళు పని నంబర్లని కాస్ట్ సెంటర్లుగా, దశల్ని విడిగా ఇంకో కాస్ట్ కేటగిరీగా పెట్టించండి. అప్పుడు ఒకే ఓచరు రెండు వైపులా లెక్కకి వస్తుంది. టాలీ లేనివాళ్ళు దిగులు పడొద్దు. పని నంబరు అట్ట మీద రాసిన రెండొందల పేజీల నోటుబుక్కు ఒక్కో సైటుకి ఒకటి చాలు. సాయంత్రం మేస్త్రి ఆ రోజు పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాలి. శనివారం బట్వాడాకి ముందు మీరు కూడికలు చూడాలి. పద్దు లేని కూలీ రోజుకి బట్వాడా ఉండదన్న ఒక్క నియమం పెట్టి, అక్కడికక్కడే పద్దు రాయించి, డబ్బు పూర్తిగా ఇవ్వండి. మూడు వారాల్లో అలవాటు పడతారు.

నెలకోసారి ప్రతి పనికీ మూడు అంకెలు పక్కపక్కన పెట్టుకోండి. కొటేషన్‌లో అనుకున్నది, ఇప్పటిదాకా అయింది, ఇంకా పట్టేది. మూడోది పుస్తకంలో ఉండదు, మేస్త్రిని అడగాలి. "ఇంకెన్ని రోజులు పడతాయి" అని దశలవారీగా అడిగితే ఆయన సరిగ్గానే చెప్తాడు. మొత్తం పని ఎప్పుడవుతుందని అడిగితే మాత్రం పండగలోగా అంటాడు.

ఆరేడు పనులు ఇలా పూర్తయ్యాక మీ దగ్గర ఎవరి దగ్గరా లేని ఒక పుస్తకం ఉంటుంది. మీ కుర్రాళ్ళు, మీ ఊళ్ళు, మీ పద్ధతిలో ఒక్కో పాయింటుకి ఎన్ని గంటలు పడుతుందో చెప్పే పుస్తకం. అప్పుడు చదరపు అడుగు రేటు మానేయండి. రెండు ఏసీలున్న పాత పద్ధతి ఇంటికీ, గదికో ఏసీ, ఫాల్స్ సీలింగు నిండా లైట్లు ఉన్న కొత్త ఇంటికీ అడుగులు ఒకటే కావచ్చు, పని ఒకటి కాదు. పక్కవాడు అడుగుకి ఇంత అన్నాడని మనమూ అనడం వల్లే ఇన్ని సంస్థలు మూతబడ్డాయని నా గట్టి నమ్మకం.

పన్నెండేళ్ళకోసారి వచ్చే గోదావరి పుష్కరాలు కిందటిసారి 2015 జూలై 14 నుంచి 25 దాకా జరిగాయి. మళ్ళీ 2027లో. ఘాట్ల దగ్గర తాత్కాలిక లైటింగు, జనరేటర్లు, ప్యానళ్ళు, లాడ్జీల మరమ్మతులు అన్నీ కొద్ది నెలల్లో మీద పడతాయి. తాత్కాలిక పనిలో వైరూ లైట్లూ తిరిగి ఇంటికొస్తాయి కాబట్టి ఇచ్చినదీ తిరిగొచ్చినదీ రెండూ రాస్తేనే ఆ పని ఖర్చు తేలుతుంది. గవర్నమెంటు పట్టి ఉంచిన డిపాజిట్ చేతికొచ్చేదాకా ఆ నంబరు మూయకూడదు. ఒకేసారి పదిహేను పనులు నడిచే ఆ రోజుల్లో పద్దులు కొత్తగా నేర్చుకోవడం ఎవరివల్లా కాదు.

కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టండి. పాత పనుల జోలికి వెళ్ళకండి. వాటినన్నిటినీ కలిపి ఒక నంబరు ఇచ్చి వదిలేయండి. మీరు ఒప్పుకోబోయే తర్వాతి పనికి ఒకటో నంబరు ఇవ్వండి. దానికి కొట్టు నుంచి వచ్చే మొదటి సరుకు బిల్లు మీద, మీ చేత్తో, 1-1-స అని రాయండి.